చిన్న కారు ఇంజన్ మార్పులు, విడిభాగాల జత: సుజుకీ ఎఫ్, జి శ్రేణులు

కంపెనీ బిగించి పంపిన ఇంజన్‌ను పికప్ కోసమో, మైలేజీ కోసమో, పాత బండిని ఇంకొన్నేళ్ళు తిప్పుకోవడం కోసమో మార్చుకోవడం చాలా దేశాల్లో ఉన్న అలవాటే. చిన్న కార్లలో ఈ పని ఎక్కువగా జరిగిన ఇంజన్లలో సుజుకీ ఎఫ్, జి శ్రేణులు ముందు వరసలో ఉంటాయి. మన రోడ్ల మీద తిరిగిన మారుతి 800, ఓమ్ని, జిప్సీ, మారుతి 1000, జెన్, ఎస్టీమ్, పాత బలేనో, 2005 నాటి పెట్రోలు స్విఫ్ట్, ఇవన్నీ ఈ రెండు శ్రేణుల సంతానమే. ఇవే ఇంజన్లు వేరే బ్యాడ్జీలతో పాకిస్తాన్, చైనా, కొరియా, హంగరీ, కెనడా, ఆస్ట్రేలియాల్లోనూ తిరిగాయి. అందుకే ఈ బండ్లవాళ్ళకు ‘ఎక్కడో ఒకచోట పార్టు దొరక్కపోదు’ అన్న ధీమా ఉంటుంది. పేరు కలిసింది కదా అని పార్టు తెప్పించుకుని, తీరా బిగించబోతే పట్టక తల పట్టుకున్నవాళ్ళూ వీళ్ళలోనే ఎక్కువ.

పుట్టుక

ఈ ఇంజన్ల మూలం జపాన్ పన్నుల విధానంలో ఉంది. అక్కడ ‘కే’ అనే చిన్న కార్ల తరగతికి ఇంజన్ పరిమితిని 1976లో 550 సీసీకి, 1990లో 660 సీసీకి పెంచారు. ఆ 550 గీత దాటకుండా సుజుకీ మూడు సిలిండర్ల ఎఫ్5ఎ చేసింది. బోర్ (సిలిండర్ వ్యాసం) 62, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 60 మిల్లీమీటర్లు, మొత్తం 543 సీసీ. ఆ పరిమితి లేని దేశాల కోసం అదే ఎఫ్ శ్రేణిలో బోర్ 68.5కి, స్ట్రోక్ 72కి పెరిగి 796 సీసీ ఎఫ్8బి వచ్చింది. పోత ఇనుము బ్లాకు, అల్యూమినియం హెడ్, బెల్టుతో తిరిగే ఒక్క క్యామ్‌షాఫ్ట్. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ తాళాలు అందజేసిన తొలి మారుతి 800లో ఉన్నది ఇదే.

నాలుగు సిలిండర్లు పెట్టి, బోర్‌ను 65.5కి తగ్గించి, స్ట్రోక్‌ను 72 దగ్గరే ఉంచితే 970 సీసీ ఎఫ్10ఎ. 1985లో వచ్చిన తొలి జిప్సీకి ఇదే గుండె.

జి శ్రేణి తర్వాతి తరం. బ్లాకు కూడా అల్యూమినియమే కాబట్టి తేలిక. అయితే వేడెక్కనిస్తే క్షమించదు. రేడియేటర్‌లో నీళ్ళు చూసుకోకుండా ఎండాకాలంలో ఘాట్ ఎక్కించిన జిప్సీలకు హెడ్ వంకరపోవడం మెకానిక్కులు ఎన్నోసార్లు చూసిన సంగతి. ఈ శ్రేణికి ఊపు తెచ్చింది జనరల్ మోటార్స్‌తో పొత్తు. 1981లో ఆ కంపెనీ సుజుకీలో వాటా కొన్నది. దాంతో సుజుకీ కల్టస్ అమెరికాలో షెవ్రొలే స్ప్రింట్, తర్వాత జియో మెట్రో అయింది. కెనడాలో పాంటియాక్ ఫైర్‌ఫ్లై, ఆస్ట్రేలియాలో హోల్డెన్ బరీనా, పాకిస్తాన్‌లో ఖైబర్. అదే కుటుంబంలోని సెడాన్ మన దగ్గర మారుతి 1000గా, ఎస్టీమ్‌గా తిరిగింది. హంగరీలో ఎస్టర్‌గోమ్ ఫ్యాక్టరీ 1992 నుంచి స్విఫ్ట్ తయారు చేసింది. అదే కారుకు సుబారు జస్టీ అన్న పేరు పెట్టి కూడా అమ్మారు.

ఎఫ్8బి కూడా దేశాలు తిరిగింది. పాకిస్తాన్‌లో 1989 నుంచి 2019 దాకా తయారైన మెహ్రాన్ కారులో ఉన్నది ఇదే. కొరియాలో దేవూ టికోకు, ఆ తర్వాత మటీజ్‌కు ఇదే మూలం. 1998లో మారుతికి పోటీ అంటూ ఇండియాలోకి వచ్చిన మటీజ్ బానెట్ కింద ఉన్నది వరసకు మారుతి 800కి దాయాదేనని కొన్నవాళ్ళలో చాలామందికి తెలియదు. చైనాలో లైసెన్సు మీద చేసిన ఇంజన్ల పేర్లు చూస్తే ముచ్చటేస్తుంది. అక్కడి పద్ధతిలో మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, తర్వాతి రెండు బోర్ మిల్లీమీటర్లు. 368 అంటే మూడు సిలిండర్లు, 68 బోర్: మన 800 ఇంజన్. 465 అంటే నాలుగు సిలిండర్లు, 65 బోర్: పాత జిప్సీ ఇంజన్. పేరులోనే కొలత ఉంది కాబట్టి అక్కడ తికమక తక్కువ.

పేరు ఒకటి, కొలత వేరు

సుజుకీ సొంత పేర్లకు ఆ సుఖం లేదు. జి10 అన్న పేరే తీసుకోండి. అమెరికా జియో మెట్రోలో ఉన్న జి10 మూడు సిలిండర్లది. బోర్ 74, స్ట్రోక్ 77, మొత్తం 993 సీసీ. 1993లో మారుతి జెన్‌లో వచ్చిన జి10బి నాలుగు సిలిండర్లది. బోర్ 72, స్ట్రోక్ 61, మొత్తం మళ్ళీ 993 సీసీయే. పేరూ కలిసింది, సీసీ కూడా కలిసింది. పిస్టన్ మాత్రం రెండు మిల్లీమీటర్లు తేడా, క్రాంక్‌షాఫ్ట్‌కైతే పోలికే లేదు. మెట్రో కోసం అమెరికాలో చేసిన పిస్టన్ సెట్టు తెప్పించి జెన్‌లో వేద్దామంటే కుదిరే పని కాదు.

మరి మెట్రోకు అసలు చుట్టం ఎవరు? అమెరికాలో అమ్మిన సుజుకీ సమురాయ్. దాని జి13ఎ బోర్ 74, స్ట్రోక్ 77, నాలుగు సిలిండర్లు, 1,324 సీసీ. మెట్రో ఇంజన్‌కు ఒక సిలిండర్ చేరిస్తే సమురాయ్ ఇంజన్ లెక్క వచ్చేస్తుంది. ఆ పక్కనే ఉండే జి13బి బోర్ కూడా 74యే, కానీ స్ట్రోక్ 75.5, అందుకే 1,298 సీసీ. ఎస్టీమ్‌లో, జిప్సీ కింగ్‌లో వచ్చినవి ఈ 1,298 కొలతవి. బోర్ ఒకటే కాబట్టి రింగుల వ్యాసం కలుస్తుంది. మందం కలుస్తుందో లేదో కొలిస్తేనే తెలుస్తుంది. క్రాంక్ మాత్రం కలవదు.

ఇక 1,298 సీసీలోనే ముగ్గురున్నారు. ఎనిమిది వాల్వుల కార్బొరేటర్ ఇంజన్, పదహారు వాల్వుల ఎంపీఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) ఇంజన్, రెండు క్యామ్‌షాఫ్టులతో సుమారు 100 హార్స్‌పవర్ ఇచ్చిన విదేశీ స్విఫ్ట్ జీటీఐ ఇంజన్. ఆ మూడోది ఇండియాలో ఏ కారులోనూ అమ్మలేదు. విడిభాగాల కొట్లో ‘అన్నా, జిప్సీ హెడ్ గ్యాస్కెట్ ఇవ్వు’ అంటే ‘కార్బొరేటరా, ఎంపీఎఫ్ఐనా? పాత పీసు తెచ్చావా?’ అని కౌంటర్ మీది మనిషి అడిగేది ఇందుకే. పాత పీసు చేతిలో ఉంటే మిగతా ప్రశ్నలు అక్కర్లేదు.

కారు ఒకటే అయినా దేశాన్ని బట్టి ఇంజన్ మారిపోవడం మరో చిక్కు. 2005 స్విఫ్ట్‌కు యూరప్‌లో 1,328 సీసీ ఎం13ఎ వేశారు. అది చైన్‌తో నడిచే కొత్త తరం ఇంజన్. మన స్విఫ్ట్‌కు మాత్రం ఎస్టీమ్, జిప్సీల నుంచి వస్తున్న 1,298 సీసీ బెల్టు ఇంజన్ వేశారు. బయట నుంచి చూస్తే రెండూ ఒకే కారు. తర్వాత మన దగ్గర దాని స్థానంలోకి 1,197 సీసీ ఇంజన్ రావడానికి పన్ను కూడా ఒక కారణం. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. జపాన్‌లో 550 సీసీ గీత చేసిన పనే ఇక్కడ 1,200 గీత చేసింది.

పార్టు నంబరు చదవడం

సుజుకీ పార్టు నంబరు రెండు ముక్కలు. మొదటి ఐదు అంకెలు అది ఏ వస్తువో చెబుతాయి. 16510 అంటే ఆయిల్ ఫిల్టరు, 13780 అంటే ఎయిర్ ఫిల్టరు, ఏ దేశంలోనైనా అంతే. రెండో ముక్క ఆ పార్టును మొదట ఏ మోడల్ కోసం గీశారో చెబుతుంది. ఇండియాలో తయారయ్యే వాటికి ఈ రెండింటి మధ్య గీత బదులు ‘ఎం’ అన్న అక్షరం కనిపిస్తుంది. కాబట్టి వేరే దేశపు కేటలాగులో వెతికేటప్పుడు కారు పేరుతో వెతకడం దండగ. మొదటి ఐదు అంకెలు పట్టుకుని, రెండో ముక్క కలుస్తుందా అని చూడాలి. రెండు ముక్కలూ కలిస్తే పార్టు ఒకటే. రెండో ముక్క కలవకపోయినా పార్టు పట్టవచ్చు. అప్పుడిక నంబరు పని అయిపోయి వెర్నియర్ పని మొదలవుతుంది.

బోర్, హెడ్, క్యామ్

మార్పుల్లో అన్నిటికన్నా మామూలుది బోర్ వేయించడం. ఇది శక్తి కోసం చేసేది కాదు, అరుగుదలకు మందు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తూ, ఆయిల్ తాగేస్తుంటే ‘ఇంజన్ బోర్‌కి వచ్చింది’ అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా ఈ పని నిలబడి చూడవచ్చు. బ్లాకును బోరింగ్ మెషీన్ మీద బిగించి, డయల్ గేజ్‌తో నడిమధ్య చేసి, గోడలు సన్నగా చెక్కుతారు. చివరి కాస్త మందాన్ని హోనింగ్ రాళ్ళతో తీస్తారు. ఆ రాళ్ళు తిరుగుతూ పైకీ కిందికీ కదలడంతో గోడ మీద అడ్డదిడ్డంగా అల్లిక గీతలు పడతాయి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. గోడను అద్దంలా నున్నగా చేస్తే రింగులు కుదురుకోవు, కొత్త ఇంజన్ కూడా పొగ కొడుతుంది. పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు 0.02 నుంచి 0.04 మిల్లీమీటర్లు ఉండాలి. తల వెంట్రుక మందం అంతకన్నా ఎక్కువ. అందుకే తెలిసినవాడు పిస్టన్లు చేతికి వచ్చాకే బోర్ వేస్తాడు, ముందే బోర్ వేసి పిస్టన్ల కోసం వెతకడు.

దీనివల్ల శక్తి ఎంత పెరుగుతుంది? మారుతి 800 బోర్‌ను అర మిల్లీమీటరు పెంచి 69 చేస్తే 796 సీసీ కాస్తా 808 అవుతుంది. పెరిగింది నూటికి ఒకటిన్నర. ‘బోర్ వేయించాక బండి పరిగెడుతోంది’ అని చెప్పేవాళ్ళ అనుభవం నిజమే, కానీ అది పోయిన కంప్రెషన్ తిరిగి రావడం వల్ల వచ్చిన పరుగు.

కంప్రెషన్ నిష్పత్తి పెంచడం ఇంకొంచెం ఫలితమిచ్చే దారి. 800లో ఒక్కో సిలిండర్ 265 సీసీ చిల్లర. నిష్పత్తి 8.7 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు సుమారు 34.5 సీసీ. హెడ్ ఫేసింగ్ చేయించి అందులో రెండు సీసీ తగ్గిస్తే నిష్పత్తి 9.2 దగ్గరికి వెళుతుంది. పేపరు మీద బాగానే ఉంటుంది. కానీ రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం నలుగురిని ఎక్కించుకుని టాప్ గేరులో లాగిస్తే ఇంజన్ టకటకమంటుంది. స్పార్క్ తర్వాత మంట చేరేలోపే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతున్న చప్పుడది. టైమింగ్ వెనక్కి తిప్పితే చప్పుడు పోతుంది, పెరిగిన శక్తీ పోతుంది. పైగా హెడ్ చెక్కేకొద్దీ క్యామ్ కిందికి దిగి, బెల్టు దూరం తగ్గి, వాల్వు టైమింగ్ కూడా కాస్త జరుగుతుంది. చెక్కిన లోహం తిరిగి అతకదు.

అసలు చిన్న ఇంజన్‌లో శక్తి ఉన్నది గాలి పీల్చుకోవడంలో. సుజుకీయే దీన్ని చేసి చూపించింది. 796 సీసీ అలాగే ఉంచి, సిలిండర్‌కు నాలుగు వాల్వులు, ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టి ఎఫ్8డి చేసినప్పుడు శక్తి 37 హార్స్‌పవర్ చుట్టుపక్కల నుంచి 45 దాటింది. బోర్, స్ట్రోక్ తాకలేదు. సొంతంగా చేయించేవాళ్ళు ఇదే దారిలో పోర్టులు నునుపు చేయిస్తారు, క్యామ్ లోబులు మార్పిస్తారు, మానిఫోల్డు మార్చి కార్బొరేటర్ జెట్లు సరిచేస్తారు. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడిన పనులు. ఒక్క కోన్ ఫిల్టరు తగిలించి, సైలెన్సర్ లోపలి డబ్బా తీసేస్తే చెవికి మాత్రం బండి వేగం పెరిగినట్టుంటుంది. ఈ ఒక్క ‘మాడిఫికేషన్’ మీద ఖర్చు పెట్టవద్దని చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

టర్బోకు జపాన్ 660 సీసీ ఇంజన్లే పాఠం. ఎఫ్6ఎ టర్బో 657 సీసీతో 64 హార్స్‌పవర్ ఇచ్చేది. అది అక్కడి కంపెనీలు తమకు తాము పెట్టుకున్న గరిష్ఠ పరిమితి. పాకిస్తాన్‌లో మెహ్రాన్‌కు ఇలాంటి జపాన్ సెకండ్ హ్యాండ్ ఇంజన్లు వేయడం బాగా నడిచిన వ్యాపారం. అయితే 650 కిలోల కారుకు శక్తి దాదాపు రెట్టింపైనా బ్రేకులు, స్టీరింగ్ పాతవిగానే ఉంటాయన్నది ఆ వ్యాపారంలో చివరగా గుర్తొచ్చే విషయం.

డీజిల్ వైపు వెళితే కథ సాఫ్ట్‌వేర్‌ది. ఇండియాలో స్విఫ్ట్, ఇండికా విస్టా, పుంటోలను నడిపిన ఫియట్ 1,248 సీసీ ఇంజన్‌కు ‘జాతీయ డీజిల్ ఇంజన్’ అన్న ముద్దుపేరు పడింది. మామూలు టర్బోతో 75, వేరియబుల్ జామెట్రీ టర్బోతో 90 హార్స్‌పవర్. అంటే లోపలి కొలతలు ఒకటే అయినా చుట్టూ తగిలించిన సరంజామా, ఈసీయూలో, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో రాసిన పట్టికలు వేరు. రీమ్యాప్ చేసేవాళ్ళు మార్చేది ఆ పట్టికలనే.

ఇంజనే మార్చేయడం

సుజుకీ కుటుంబంలో పేరున్న మార్పిడి 1.3 తీసి 1.6 పెట్టడం. జి16బి బోర్ 75, స్ట్రోక్ 90, 1,590 సీసీ. అమెరికాలో సమురాయ్‌వాళ్ళు సైడ్‌కిక్, జియో ట్రాకర్ జీపుల నుంచి ఈ ఇంజన్ తీసి వేసుకున్నారు. ఆ జీపుల్లోనూ ఇంజన్ నిలువుగానే, అంటే ముందు నుంచి వెనక్కే ఉంటుంది కాబట్టి వాళ్ళ పని కొంత తేలిక. మన దగ్గర సైడ్‌కిక్ లేదు. 1999లో వచ్చిన మారుతి బలేనోలో 94 హార్స్‌పవర్‌తో ఇదే జి16బి ఉంది. జిప్సీవాళ్ళ కళ్ళు దాని మీద పడ్డాయి. కానీ బలేనో ముందు చక్రాల కారు, ఇంజన్ అడ్డంగా ఉంటుంది. దాన్ని తెచ్చి జిప్సీలో నిలువుగా పెట్టాలంటే ఆయిల్ సంప్ మార్చాలి, మౌంట్లు కొత్తగా చేయించాలి, ఇన్‌టేక్ మానిఫోల్డు, నీళ్ళ గొట్టాలు వెళ్ళే దారి సరిచేయాలి. స్ట్రోక్ 90 కాబట్టి బ్లాకు ఎత్తు కూడా ఎక్కువ, బానెట్ కింద చోటు చూసుకోవాలి. వైరింగ్ ఉన్నదున్నట్టు బలేనోదే తెచ్చుకుంటే తలనొప్పి తక్కువ. తీగలు కోసి అతికిన బండ్లు మొదటి వానకే ఆగిపోతాయి.

ర్యాలీల్లో, ముఖ్యంగా 1999లో మొదలైన రెయిడ్ ద హిమాలయలో జిప్సీ రాజ్యమేలింది. ఆ బండ్ల పనితనం గ్యారేజీల్లోకి కూడా పాకింది. మారుతి 800 ఇంజన్ ఏకంగా ఒంటి సీటు రేసు కార్లలోకి వెళ్ళింది. ఫార్ములా మారుతి అనే ఆ తరగతిలోనే, శ్రీపెరంబుదూరులో, నారాయణ్ కార్తికేయన్ తన తొలి రేసు నడిపాడు.

సంతలు

వాడిన విడిభాగాలకు ఢిల్లీలో మాయాపురి, చెన్నైలో పుదుపేట, కరాచీలో షేర్‌షా, లాహోర్‌లో బిలాల్ గంజ్, కొలంబోలో పంచికావత్త, గల్ఫ్‌లో షార్జా పేరున్న చోట్లు. కొత్త విడిభాగాల టోకు వ్యాపారానికి ఢిల్లీ కశ్మీరీ గేట్. మనకు విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణిగంజ్. జపాన్ నుంచి పాత కార్లను ముందు సగం కోసి ‘హాఫ్ కట్’గా పంపే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. అలా కొంటే ఇంజన్‌తో పాటు గేర్‌బాక్సు, వైరింగ్, ఈసీయూ అన్నీ ఒకే బండివి వస్తాయి. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళు సెలవుకు వచ్చేటప్పుడు సెన్సర్లు, గ్యాస్కెట్ల వంటి చిన్నవి సూట్‌కేసులో తేవడం మామూలే. ఇంజన్ అలా రాదు. వాడిన సరుకు దిగుమతి మీద ఇండియాలో ఆంక్షలున్నాయి.

డూప్లికేట్ బెడద అన్ని సంతల్లోనూ ఉంది. బాక్సు మీద హోలోగ్రామ్‌ను నకలు చేయడం తేలిక, లోహాన్ని నకలు చేయడం కష్టం. పిస్టన్ సెట్టు కొంటే మూడింటినీ లేదా నాలుగింటినీ త్రాసులో వేసి చూడండి. మంచి కంపెనీ సెట్టులో బరువులు గ్రాముల్లో కలుస్తాయి. టైమింగ్ బెల్టు, హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ పంపు, ఈ మూడింట్లో చౌక వెతకకూడదు. అవి ఫెయిలైతే ఇంజన్‌నే పట్టుకుపోతాయి. పాత కార్బొరేటర్ బండ్లకు ఇప్పుడు కొత్తగా రబ్బరు పని చేరింది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునే హోసులు, డయాఫ్రాలు వేయించుకోవాలి.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బోర్ వేయించడం, అరిగిన పార్టు మార్చడం మరమ్మతు కిందికి వస్తాయి. 1.3 తీసి 1.6 పెట్టడం రాదు. ఇంజన్ నంబరు మారిన బండికి ప్రమాదం జరిగితే బీమా క్లెయిము దగ్గర అది బయటపడుతుంది. సీసీ మార్చిన బండ్లకు సరైన చోటు రేసు ట్రాకు, ర్యాలీ మార్గం, ప్రైవేటు స్థలం.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో, ఓమ్ని, జిప్సీల తయారీ 2019లో ఆగిపోయాయి. ఎఫ్8డితో నడిచిన ఆల్టో 800 మాత్రం 2023 దాకా వచ్చింది. వాల్వులు పెరిగాయి, కార్బొరేటర్ పోయింది, ఈసీయూ వచ్చింది. బోర్ మాత్రం 1983లో ఉన్న 68.5 మిల్లీమీటర్లే.